యాభై మీటర్ల రూలు ఉండగా కొత్త చట్టం ఎందుకు?

ప్రశ్న: మేం కరీంనగర్‌లో ఉంటాం. మా బాబు ఆరో తరగతి, పాప మూడో తరగతి. ఇద్దరూ ఒకే ప్రైవేటు స్కూలు. క్యాంటీన్‌లో చిప్స్, కూల్‌డ్రింక్స్, క్రీమ్ బిస్కెట్లు తప్ప ఇంకేమీ దొరకవు. గేటు బయటా అంతే. బాబు బరువు వయసుకు మించి ఉందని, ఇప్పటినుంచే జాగ్రత్తపడమని డాక్టర్ చెప్పారు. క్లాసు వాట్సాప్ గ్రూపులో మాట కదిపితే అరవై మంది దాకా సంతకం పెడతామన్నారు. బడుల్లో జంక్ ఫుడ్ నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తేవాలని ముఖ్యమంత్రికి అర్జీ పెట్టాలని అనుకుంటున్నాం. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు సర్కారు బడిలో చదువుతుంది. అక్కడ గుడ్డు వారానికి మూడు రోజులేనట, అదీ ఒక్కోసారి రాదట. ఆ సంగతీ అర్జీలో చేర్చాలని ఉంది. మా ఆయన మాత్రం "మనలాంటోళ్లు చెప్తే చట్టాలు మారతాయా" అని నవ్వుతున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలేమో అక్కడ మామూలు జనం కూడా వెళ్లి కమిటీ ముందు మాట్లాడొచ్చంటోంది. మనకు అలాంటి దారి ఉందా? ఒక పార్టీ నాయకుడు ముందుండి నడిపిస్తానంటున్నారు, ఒప్పుకోవాలా? స్కూలు వాళ్లు పిల్లల మీద కక్ష కడతారేమోనని టెన్షన్ కూడా ఉంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది అరవై సంతకాల మాట. ఆలోచించాల్సింది "చట్టం తేవాలి" అన్న మాట గురించి. ఎందుకంటే మీరు అడగబోతున్న నిషేధం కాగితం మీద ఇప్పటికే ఉంది.

దేశమంతటికీ వర్తించే ఆహార భద్రతా, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర సంస్థ బడి పిల్లల ఆహారం కోసం విడిగా నిబంధనలు తయారుచేసి 2020 సెప్టెంబరులో గెజిట్‌లో ప్రకటించింది. 2021 జులై 1 నుంచి అవి అమల్లో ఉన్నాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తిండి బడి క్యాంటీన్‌లో, మెస్సులో, హాస్టల్ వంటగదిలో అమ్మకూడదు. గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపల బడి పిల్లలకు అమ్మకూడదు. అంత దూరంలో వాటి ప్రకటనలూ పెట్టకూడదు, ఉచితంగా పంచకూడదు. ఇలాంటివి ఇక్కడ అమ్మరాదని బడి గేటు దగ్గర బోర్డు ఉండాలి. సర్కారు బడి, ప్రైవేటు బడి అన్న తేడా లేదు. పిల్లలకు ఏం పెట్టాలో సలహా కావాలంటే హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు చూడమని ఆ నిబంధనలే చెబుతున్నాయి. మన ఇంటి పక్కనున్న సంస్థ మాటను దేశమంతా పాటించాలని రూలు ఉంటే, మన బడి గేటు దగ్గర అది కనబడకపోవడం విచిత్రమే.

ఇప్పుడు మీ ఆయన ప్రశ్న చూద్దాం. ఈ నిబంధనలు ఏ మంత్రికో ఒక రోజు బుద్ధి పుట్టి రాలేదు. ఢిల్లీలోని ఉదయ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో, బడుల చుట్టూ జంక్ ఫుడ్ అమ్మకాన్ని ఆపాలని 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేసింది. ఐదేళ్ల వాదనలు, కమిటీలు అయ్యాక 2015 మార్చిలో కోర్టు తీర్పు ఇచ్చి, మార్గదర్శకాలకు చట్టరూపం ఇవ్వమని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి చెప్పింది. 2019లో ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు. 2020లో గెజిట్, 2021లో అమలు. మొత్తం పదకొండేళ్లు. కాబట్టి "మనలాంటోళ్లు చెప్తే మారతాయా" అంటే మారతాయి. కాకపోతే పిల్ వేసిన నాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల రూలు అమలయ్యేసరికి ఇంటర్‌కు వచ్చేసింది. మీ బాబు ఆరో తరగతి. మీకు అంత టైమ్ లేదు. అందుకే కొత్తది తెప్పించడం మీద కంటే ఉన్నదాన్ని కదిలించడం మీద ఆ సంతకాలు ఖర్చుపెట్టమంటాను.

ఇంకో సంగతి. ఆహార కల్తీ విషయం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల జాబితాలో ఉంది. 1976 దాకా రాష్ట్రాల చేతిలో ఉన్న విద్య కూడా 42వ సవరణతో అందులోకే వెళ్లింది. ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టం ఉన్నచోట దానికి భిన్నంగా రాష్ట్రం చట్టం చేస్తే రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్లాలి. అంటే మీ అర్జీ చూసి ముఖ్యమంత్రి నిజంగానే కదిలిపోయినా, అసెంబ్లీలో బిల్లు పెట్టే ముందు న్యాయశాఖ "కేంద్ర నిబంధనలు ఉన్నాయి కదా" అని ఫైలు మీద రాసి తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. మీకేమో "పరిశీలనలో ఉంది" అని జవాబు వస్తుంది. ఆ జవాబు చేతికొచ్చాక ఉద్యమాలు సగం చల్లారిపోతాయి.

రాష్ట్రం చేతిలో అసలేమీ లేదని కాదు. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోస్ తిని చాలామంది ఆస్పత్రుల పాలయ్యారు, ఒకామె చనిపోయారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. అసెంబ్లీ కూర్చోలేదు, బిల్లు పెట్టలేదు. ఆహార భద్రతా చట్టం 30వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ ప్రజారోగ్యం కోసం ఏదైనా ఆహార పదార్థాన్ని ఏడాది దాకా నిషేధించవచ్చు. ఒక్క సంతకంతో అయిపోయింది. అలాగే 2017లో పిల్లల పుస్తకాల సంచి బరువు మీద తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది: ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పెరుగుతూ పోయి పదో తరగతికి ఐదు కిలోలు. అదీ చట్టం కాదు, జీవోనే. రేపు పొద్దున మీ పాప సంచి ఒకసారి తూకం వేసి చూడండి. జీవో ఉండటానికీ అమలు కావడానికీ మధ్య ఎంత దూరమో కాటా మీదే కనిపిస్తుంది.

అందుకే ఏ కోరికైనా బయటికి తీసేముందు ఒకటి తేల్చుకోవాలి. అది ఏ కాగితంలో ఉంది, ఆ కాగితం మీద సంతకం ఎవరిది? చట్టమైతే శాసనసభ, నిబంధనైతే శాఖ లేదా కేంద్ర సంస్థ, జీవో అయితే సెక్రటేరియట్, సర్క్యులర్ అయితే కమిషనర్ లేదా బోర్డు. 2025 మే నెలలో సీబీఎస్‌ఈ తన బడులన్నిట్లో "షుగర్ బోర్డులు" పెట్టమని సర్క్యులర్ ఇచ్చింది. ఏ తిండిలో, ఏ డ్రింకులో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనిపించేలా రాసి పెట్టాలి. దీనికి ఎవరూ పార్లమెంటుకు పోలేదు. మీ స్కూలు సీబీఎస్‌ఈ అయితే ఆ బోర్డు ఎక్కడుందని రేపే అడగొచ్చు.

మన దగ్గర సామాన్యులు ఏకంగా రాష్ట్ర చట్టాన్నే తెప్పించిన కథ ఒకటి ఉంది. మీరు అప్పటికి చిన్నపిల్ల అయి ఉంటారు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడికి వచ్చే ఆడవాళ్లు చదువుకునే వాచకంలో సారా వల్ల పాడైన ఒక కుటుంబం కథ పాఠంగా ఉంది. చదివినవాళ్లు "ఇది మన ఇంటి కథే కదా" అనుకున్నారు. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందుండి ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. 1992 వచ్చేసరికి అది జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా. సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు. ఈ వేలం పాట సంగతి గట్టిగా పట్టించుకోవాలి. ఆ రోజుల్లో ప్రభుత్వానికి సారా మీద వచ్చే డబ్బు ఆ పాటల్లోనే ఖరారయ్యేది. సారా చెడ్డదని ఉపన్యాసాలు చెబుతూ కూర్చోకుండా, ప్రభుత్వానికి ఎక్కడ తగులుతుందో అక్కడికే వెళ్లి నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారాను నిషేధించింది.

కథ అక్కడ ఆగలేదు. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి గెలిచారు, డిసెంబరులో ప్రమాణ స్వీకారం రోజే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారాను ప్యాకెట్లలో ఊరూరా చేర్చిన పాలన కూడా ఆయనదేనని గుర్తున్నవాళ్లకు ఆ సంతకం మరీ ఆసక్తిగా ఉండి ఉంటుంది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది, చట్టమూ వచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. బ్రాందీ షాపులు తిరిగొచ్చాయి. సారా నిషేధం మాత్రం నిలిచింది. దొంగచాటు గుడుంబా బాధ ఉంది, అది వేరే కథ. కానీ ప్రభుత్వమే పాట పెట్టి సారా అమ్మించే రోజులు పోయాయి.

ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా సంపూర్ణ నిషేధం ఎత్తేసిన దగ్గర నిట్టూర్చి ఆపేస్తారు. నాకు మాత్రం వేరేలా కనిపిస్తుంది. ఆడవాళ్లు ఊళ్లో కూర్చుని, తమ కళ్ల ముందున్న దాన్ని చూపించి అడిగింది సారా నిషేధం. అది నిలబడింది. ఎన్నికల సభల్లో దానికి తగిలించి పెద్దది చేసిన హామీ రెండేళ్లు దాటగానే కూలిపోయింది. "రాష్ట్రమంతా జంక్ ఫుడ్ నిషేధం" అని మీరు రాయబోయే ముందు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడమంటాను. "మా బడి గేటుకు 50 మీటర్ల లోపల, ఉన్న నిబంధన ప్రకారం" అని రాస్తే అది చిన్న కోరికే. కానీ కాదనడానికి ఎవరి దగ్గరా కారణం ఉండదు.

సరే, గేటు దగ్గర పని ఎలా మొదలుపెట్టాలి? ముందు స్కూలుకే ఉత్తరం. దాని సంగతి చివర్లో చెబుతాను. అక్కడ పని జరగకపోతే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి, జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈవో) ఒకే రోజు ఫిర్యాదు ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది కాబట్టి అక్కడే ఇస్తే నంబరు పడుతుంది. ఫొటోలు జత చేయండి, పిల్లల ముఖాలు లేకుండా. క్యాంటీన్ నడిపేవారికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి. ఆ 14 అంకెల నంబరు గోడ మీద కనిపించాలి. కనిపించకపోతే ఫిర్యాదులో మొదటి వాక్యం అదే. ఏదైనా తినుబండారం మీద గట్టి అనుమానం ఉంటే కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకునే హక్కు చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. తప్పు తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు.

ఆ తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ప్రైవేటు స్కూలును నేరుగా అడగడం కష్టం గాని, డీఈవో ఆఫీసును, ఫుడ్ సేఫ్టీ ఆఫీసును నిక్షేపంగా అడగొచ్చు. జిల్లా ఆఫీసులో ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఏం చర్యలు తీసుకుంటున్నారు" అని అడగొద్దు. దానికి "తగు చర్యలు తీసుకుంటున్నాం" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. గడిచిన రెండేళ్లలో జిల్లాలో ఎన్ని బడి క్యాంటీన్లు తనిఖీ చేశారు, ఏ తేదీల్లో, ఎన్నింటికి నోటీసులిచ్చారు, ఈ నిబంధనల అమలును చూడాల్సిన రాష్ట్ర స్థాయి కమిటీ సమావేశాల మినిట్స్ కాపీలు, ఇలా అడగండి. తనిఖీలు సున్నా అని జవాబొస్తే బెంగ పడకండి. ఆ సున్నాయే మీ చేతికి దొరికే బలమైన అంకె.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గేటు బయట బండి మీద అమ్మే ఆమెను దొంగను చూసినట్టు చూడొద్దు. నిబంధన బండికి వ్యతిరేకం కాదు, మితిమీరిన ఉప్పు, చక్కెర, కొవ్వుకు వ్యతిరేకం. జామకాయలు, ఉడకబెట్టిన పల్లీలు, మొక్కజొన్న కంకులు, మజ్జిగ ఎవరూ వద్దనరు. ఫిర్యాదు వెళ్లగానే మున్సిపాలిటీ వాళ్లు వచ్చి మొదట ఎత్తేసేది ఆమె బండినే. లోపల క్యాంటీన్‌లో రంగు రంగుల కంపెనీ ఫ్రిజ్‌ను ఎవరూ ముట్టుకోరు. అలా జరిగితే మీ ఉద్యమం పేదల మీద పడిందన్న చెడ్డపేరు మీకే వస్తుంది. కాబట్టి అర్జీలో క్యాంటీన్ ముందు, ప్రకటనలు తర్వాత, బండ్లు ఆఖర్న రాయండి. వీలైతే ముందే వెళ్లి ఆమెతో మాట్లాడండి. అరవై మంది తల్లులు మా పిల్లలకు ఇవి కొనిస్తామంటే సరుకు మార్చడానికి ఆమెకేం నష్టం?

ఈ నిబంధనలకు ఒక లోటూ ఉంది. "అధికం" అంటే ఎంత అన్న కచ్చితమైన గీత వాటిలో గీయలేదు. వంద గ్రాముల్లో చక్కెర ఇంత దాటితే బడిలో వద్దు అని అంకె ఉంటే ఏ అధికారికైనా పని తేలిక. ఆ అంకె లేక, ప్యాకెట్ ముందు భాగంలో హెచ్చరిక గుర్తూ లేక, తనిఖీకి వచ్చినాయన కూడా తల గోక్కోవాల్సిందే. ప్యాకెట్ ముందు లేబుల్ గురించి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో ముసాయిదా పెట్టి అభిప్రాయాలు తీసుకుంది. 2025లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి ముసాయిదాలు వచ్చినప్పుడు కంపెనీల లాయర్లు పేజీలకు పేజీలు రాస్తారు. తల్లిదండ్రులు రాయరు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ముసాయిదాల మీద ఎవరైనా అభిప్రాయం పంపొచ్చు. మీ గ్రూపులో ఇంగ్లిష్ బాగా వచ్చిన ఇద్దరికి ఈ పని అప్పగించండి. "మంచి నిర్ణయం తీసుకోండి" అని రాస్తే చెత్తబుట్టలోకే. ఫలానా క్లాజులో ఫలానా పదం బదులు ఈ పదం పెట్టండి, కారణం ఇది అని రాస్తే ఎవరో ఒకరు ఫైలులో ఎక్కించాల్సి వస్తుంది.

గుడ్డు సంగతికి వద్దాం. దాన్ని ఈ అర్జీలో కలపొద్దు. ముఖ్యం కాదని కాదు, దాని దారి పూర్తిగా వేరు. బడిలో మధ్యాహ్న భోజనం ఇప్పుడు 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద పిల్లల హక్కు. అంతకు ముందు దాన్ని హక్కులా నిలబెట్టింది కూడా పౌరులే. రాజస్థాన్‌లో గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే జనం పస్తులున్నారని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ 2001లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ నవంబరు 28న కోర్టు, ప్రతి సర్కారు, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది: కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. 2013 చట్టంలో ప్రాథమిక తరగతులకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అని, ఆపై తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాములని ఉంది.

చట్టంలో ప్రోటీన్ ఉంది గాని గుడ్డు అన్న మాట లేదు. గుడ్డు రాష్ట్రం ఇష్టం, రాష్ట్రం డబ్బు. అందుకే తెలంగాణలో వారానికి మూడు, ఆంధ్రప్రదేశ్‌లో ఐదు. కర్ణాటకలో 2021 చివర్లో కల్యాణ కర్ణాటక జిల్లాల్లో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అభ్యంతరం చెప్పారు. గంగావతిలో ఒక బడిపిల్ల "గుడ్డు మాకు కావాలి, ఇవ్వకపోతే మీ మఠానికే వచ్చి తింటాం" అన్నట్టు గట్టిగా మాట్లాడింది. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. గుడ్డు ఆగలేదు, తర్వాత మిగతా జిల్లాలకూ వెళ్లింది. ఎవరు అడుగుతున్నారన్నది చాలా తేడా తెస్తుంది.

కాబట్టి గుడ్డు అర్జీ మీ పేరు మీద కంటే మీ ఇంట్లో పనిచేసే ఆమె పేరు మీద, ఆమె కూతురు చదివే బడి తల్లుల పేర్ల మీద వెళితేనే బరువు. విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. ఆ కమిటీ తీర్మానం చేసి పంపితే అది మామూలు అర్జీ కాదు. మీరు చేయగలిగింది పక్కన కూర్చుని రాసిపెట్టడం, ఆమె పనికి వచ్చే గంటలో ఒక రోజు సెలవిచ్చి ఆఫీసుకు వెంట వెళ్లడం. జీతం కోయకుండా. గుడ్డు రాని రోజుల్ని తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాయించండి. రావాల్సిన గుడ్డు రాకపోతే జిల్లా ఫిర్యాదుల అధికారికి, అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు వెళ్లొచ్చు. వంట చేసే ఏజెన్సీ ఆడవాళ్లకు బిల్లులు సకాలంలో అందాయా అని కూడా అడగండి. చాలాచోట్ల గుడ్డు ఆగేది వాళ్ల దగ్గర కాదు, వాళ్లకు రావాల్సిన డబ్బు దగ్గర. మూడు గుడ్లను ఐదు చేయమనే కోరికైతే బడ్జెట్ విషయం. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చిలో సభకు వస్తుంది గాని శాఖల్లో లెక్కలు అంతకు ముందే కట్టేస్తారు. దసరా సెలవులు అయిపోగానే పంపితే పనికొస్తుంది. సంక్రాంతి దాటాక పంపితే పై ఏడాదికే.

మీ చెల్లెలు చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో బిల్లు కమిటీకి వచ్చినప్పుడు ఎవరైనా వెళ్లి పేరు చెప్పి, అనుకూలమో వ్యతిరేకమో చెప్పి రావచ్చు. 2023 అక్టోబరులో గవర్నర్ సంతకం చేసిన ఆహార భద్రతా చట్టం అలాగే నడిచింది. నాలుగు రసాయనాలను 2027 నుంచి ఆహారంలో నిషేధించారు. మొదట జాబితాలో ఐదు ఉండేవి. బేరసారాల్లో టైటానియం డయాక్సైడ్ జారిపోయింది. మరుసటి ఏడాది బడి తిండిలో ఆరు కృత్రిమ రంగులు వద్దంటూ ఇంకో చట్టం చేశారు. ఆ నాలుగింట్లో ఉన్న బ్రోమినేటెడ్ నూనెను 2024లో, రెడ్ 3 రంగును 2025లో అమెరికా కేంద్ర సంస్థే దేశమంతటికీ రద్దు చేసింది. రాష్ట్రం ముందు నడిస్తే కేంద్రం వెనక వచ్చింది. మన దగ్గర ఆహార విషయంలో వరస తిరగబడి ఉంటుంది, పైగా మన అసెంబ్లీలో చాలా బిల్లులు కమిటీకి వెళ్లకుండానే ఒకటి రెండు రోజుల్లో పాసైపోతాయి. ఇది నాకు బాధ కలిగించే విషయమే. ప్రభుత్వం తలచుకుంటే జనాన్ని అడగలేక కాదు. 2024 ఆగస్టులో భూ హక్కుల బిల్లు ముసాయిదాను తెలంగాణ ప్రభుత్వం వెబ్‌సైట్‌లో పెట్టి సూచనలు తీసుకుంది, డిసెంబరులో బిల్లు పాసైంది. భూమికి చేసింది బడికీ, తిండికీ చేయొచ్చు.

ఉన్నంతలో మనకున్న దారి మీ ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు. బిల్లు పెట్టమని వాళ్లను అడగొద్దు. మంత్రులు కానివాళ్లు పెట్టిన ప్రైవేటు బిల్లు పార్లమెంటులోనే ఆఖరుసారి పాసైంది 1970లో. ప్రశ్న వేయమని అడగండి. "రాష్ట్రంలో ఎన్ని బడుల్లో 50 మీటర్ల నిబంధన తనిఖీ చేశారు?" అని సభలో ప్రశ్న వస్తే జవాబు తయారుచేయడం కోసమైనా శాఖ జిల్లాలన్నిటికీ ఫోన్లు చేస్తుంది. ఆ ఫోన్లతోనే కొన్ని క్యాంటీన్లు శుభ్రపడతాయి. మీ సమాచార హక్కు జవాబు చేతిలో పెడితే ప్రశ్న రాయడం ఆయన పీఏకు పది నిమిషాల పని. సభకు పిటిషన్ల కమిటీ కూడా ఉంటుంది. దానికి వెళ్లాలంటే సభ్యుడి ద్వారా వెళ్లడమే సుఖం.

ఆ పార్టీ నాయకుడి మాట. ఆయన మంచివారే కావొచ్చు. కానీ ముందుండి నడిపించడం వద్దు, మద్దతు ఇవ్వడం చాలనండి. అన్ని పార్టీల వాళ్లకూ ఒకే ఉత్తరం, ఒకే రోజు ఇవ్వండి. ఆయన జెండా కింద వెళితే అవతలి పార్టీ తల్లిదండ్రులు రెండో మీటింగుకు రారు, అరవై ముప్పై అవుతుంది. అధికారంలో ఉన్న పార్టీ అయితే అధికారుల్ని విమర్శించలేరు, ప్రతిపక్షం అయితే మీ ఫైలు మీద రాజకీయం అన్న ముద్ర పడుతుంది. ఫొటోలో నిలబడతానంటే నిలబడనివ్వండి, మైకు మాత్రం తల్లుల చేతిలోనే ఉంచండి.

స్కూలు కక్ష కడుతుందన్న భయం ఉత్తిదని చెప్పను. అందుకే మొదటి ఉత్తరం ఫిర్యాదులా ఉండకూడదు. "క్యాంటీన్ మూసేయండి" అనకండి. ఈ నిబంధనలు ఉన్నాయి, బోర్డు పెట్టాలి, మెనూ మార్చడంలో మేమూ సాయం చేస్తాం, ఒక నెలలో కలుద్దాం అని రాయండి. రేపు తనిఖీ వస్తే స్కూలుకే ఇబ్బంది కాబట్టి ఇది వాళ్ల మేలు కోరే మాటే, ప్రిన్సిపల్‌కు అలా అర్థమయ్యేలా చెప్పండి. సంతకాలు గుండ్రంగా పెట్టించండి, మొదటి పేరు ఎవరిదో తెలియకుండా. ఉత్తరం ఇవ్వడానికి మీరొక్కరే వెళ్లకండి, వేర్వేరు తరగతుల వాళ్లు ఐదారుగురు కలిసి వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో స్కూలు మీద ఒక్క పరుష వాక్యం కూడా ఉండకూడదని ముందే అందరికీ చెప్పండి. స్క్రీన్‌షాట్ ఆఫీసు రూముకు చేరడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఉత్తరం రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. తర్వాత డీఈవో దగ్గరికి వెళ్లినా, ఎమ్మెల్యే చేత ప్రశ్న వేయించినా వాళ్లు ముందుగా అడిగేది ఆ కాగితమే.